శరణార్థి వార్త అనగానే పడవ ఫొటోయేనా?

ఫొటోడెస్క్_రమ
ఒక ఆన్‌లైన్ పత్రికలో ఫొటోలు చూసే పని నాది. పేరు అడగొద్దు. కడుపుమండి రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

పోయిన వారం ఒక కథనం వచ్చింది. సిరియా నుంచి వెళ్లిపోయిన ఒక పళ్ల డాక్టరమ్మ, కొత్త దేశంలో పరీక్షలన్నీ మళ్లీ రాసి లైసెన్సు తెచ్చుకుంది. ఫొటోగ్రాఫర్ చక్కటి ఫొటోలు పంపాడు. ఒకదాంట్లో ఆవిడ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను చిట్లించి చూస్తోంది. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. నేను అదే పెట్టాను. పొద్దున లేచి చూస్తే అది లేదు. దాని బదులు నారింజ రంగు లైఫ్ జాకెట్ల జనంతో కిక్కిరిసిన రబ్బరు పడవ. ఆవిడ జన్మలో ఆ పడవ ఎక్కలేదు, విమానంలో వచ్చింది. కథనం రెండో పేరాలోనే ఆ ముక్క ఉంది!

అడిగితే వచ్చిన జవాబు: "డాక్టరు ఫొటో పెడితే శరణార్థి అని చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?"

మా ఫొటో లైబ్రరీలో వెతికితే వచ్చేవి కూడా ఇవే. పడవ, ముళ్లకంచె, గుడారం, క్యూ, ఏడుస్తున్న పిల్ల. ఇది మా దగ్గరేనా, అన్నిచోట్లా ఇంతేనా? పాఠకులు ఇదే కోరుకుంటున్నారా, లేక మనమే వాళ్లకి అలవాటు చేశామా?

గోడమీద_పిల్లి
ఆవిడ మెడలో బోర్డు వేలాడదీసి ఫొటో తీయాల్సింది. తప్పు ఫొటోగ్రాఫర్‌దే.

నైట్‌డ్యూటీ_శివ
రమ గారూ, మీ డెస్కులో ఆ రాత్రి కూర్చున్నవాడి తరఫున నేను మాట్లాడతాను, ఎందుకంటే ఇంకో పత్రికలో ఆ కుర్చీ నాది. రాత్రి ఒంటిగంటకి చేతిలో బోలెడు వార్తలుంటాయి. ఒక్కోదానికి ఫొటోకి దొరికేది నిమిషం. ఫోన్ తెరమీద ఆ ఫొటో అగ్గిపెట్టంత కనిపిస్తుంది. అంత చిన్న ఫొటోలో ఎక్స్‌రే చూస్తున్న మనిషి అంటే "ఆరోగ్య వార్త" అనుకుని దాటేస్తారు. పడవైతే ఆగుతారు. మాకు క్లిక్కుల లెక్క పొద్దున్నే మెయిల్లో వస్తుంది. కుట్ర ఏమీ లేదండీ, బద్ధకం ప్లస్ లెక్కలు.

ఫొటోడెస్క్_రమ
కుట్ర అని నేనూ అనలేదు శివ గారూ. కుట్ర అయితే ఒకణ్ణి పట్టుకుని నిలదీయొచ్చు. బద్ధకాన్ని ఎవర్ని నిలదీస్తాం?

సందేహాలరావు
నాకో సందేహం. పడవల్లో వస్తున్నారా లేదా? వస్తున్నారు. మునిగిపోతున్నారా లేదా? మునుగుతున్నారు. మరి పడవ చూపిస్తే తప్పేంటి? నిజాన్ని చూపించినందుకు కూడా పత్రికలు సంజాయిషీ ఇచ్చుకోవాలా?

మౌనిక_లెక్కలు
రావు గారూ, పడవ నిజమే. ఎంత నిజమో చూద్దాం. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ఇల్లూ ఊరూ వదిలి వెళ్లాల్సి వచ్చినవాళ్లు 12 కోట్ల 32 లక్షలు. అందులో 7 కోట్ల 35 లక్షల మంది సొంత దేశం దాటనే లేదు, అక్కడే ఇంకో మూలకి పోయారు. దేశం దాటినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది పక్క దేశంలోనే ఆగిపోయారు. 73 శాతం మందికి చోటిచ్చింది పేద, మధ్యాదాయ దేశాలు. సముద్రం దాటి ధనిక దేశం ఒడ్డుకి చేరే పడవ ఈ మొత్తంలో ఒక చిన్న భాగం. వార్తల్లో మాత్రం దాదాపు మొత్తం అదే. చాద్‌లోకి నడుచుకుంటూ వచ్చిన సూడాన్ కుటుంబం ఫొటో ఆఖరుసారి ఎప్పుడు చూశారు?

పోనీ, పడవలనైనా సరిగ్గా చూపిస్తారా? 2023 జూన్ 14న గ్రీసు దగ్గర ఒక చేపల పడవ మునిగింది. అందులో దాదాపు 750 మంది ఉన్నారని అంచనా, బతికింది 104 మంది. నాలుగు రోజులకి టైటానిక్ శకలాలు చూడ్డానికి వెళ్లిన చిన్న జలాంతర్గామి తప్పిపోయింది, లోపల 5 మంది. ఆ వారం టీవీలో గంట గంటకీ ఆక్సిజన్ ఎంత మిగిలిందో లెక్కపెట్టింది ఎవరికోసం?

గోడమీద_పిల్లి
ఆ ఐదుగురి పేర్లు, ఉద్యోగాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ 750 మందిలో ఒక్కడి పేరూ తెలీదు. నేను జోకు వేయట్లేదు ఈసారి.

నైట్‌డ్యూటీ_శివ
ఒక్క మాట. జలాంతర్గామి కథకి "బతికున్నారా లేదా" అనే టెన్షన్ ఉంది, రోజుకో మలుపు ఉంది. పడవ మునిగాక మిగిలింది శవాల లెక్క. న్యూస్‌రూమ్‌లో దేన్ని ముందు పెడతారో చెప్పనక్కర్లేదు. న్యాయమని అనట్లేదు, జరిగే తీరు చెప్తున్నా.

పాతపేపర్
ఇది కొత్త జబ్బు కాదు. అమెరికాలో 1967 అల్లర్ల తర్వాత కెర్నర్ కమిషన్ వేశారు, 1968లో నివేదిక వచ్చింది. అందులో పత్రికల మీదే ఒక అధ్యాయం ఉంది. పత్రికలు లోకాన్ని తెల్లవాడి కళ్లతోనే చూసి రాస్తున్నాయని తేల్చి చెప్పారు. ఎడిటోరియల్ ఉద్యోగాల్లో నల్లవాళ్లు 5 శాతం కూడా లేరన్నారు. అల్లరి జరిగినప్పుడు కెమెరా వస్తుంది, మామూలు రోజున రాదు. నల్లవాళ్ల పెళ్లి, చదువు, చావు పేపర్లో ఉండవు. రమ గారి డాక్టరమ్మ ఫొటో ఎగిరిపోవడం దానికి కొనసాగింపే. మామూలుగా బతుకుతున్న మనిషి వార్తకి పనికిరాడు.

సందేహాలరావు
సరే, ఒకవైపే మాట్లాడుకుంటున్నాం కాబట్టి రెండోవైపు నేను తీసుకుంటా. 2015 డిసెంబర్ 31 రాత్రి జర్మనీలో కొలోన్ రైల్వే స్టేషన్ దగ్గర వందలమంది ఆడవాళ్ల మీద లైంగిక దాడులు, దొంగతనాలు జరిగాయి. అనుమానితుల్లో ఎక్కువమంది ఉత్తర ఆఫ్రికా దేశాలవాళ్లు, శరణు అడిగినవాళ్లు కూడా ఉన్నారు. జడ్‌డీఎఫ్ అనే ప్రభుత్వ రంగ చానెల్ జనవరి 4 సాయంత్రం వార్తల్లో ఆ ముక్కే ఎత్తలేదు, తర్వాత అది తమ పొరపాటని ఒప్పుకుంది. ఇలా దాస్తే జనం ఏమనుకుంటారు? "మీడియా వీళ్లని కాపాడుతోంది" అనుకుంటారు. చెడ్డగా చూపించడం ఎంత తప్పో, చెడును దాచడమూ అంతే తప్పు. ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ఆ మాట అనలేదు.

రాణి_బెర్లిన్
రావు గారి పాయింట్ న్యాయమైనదే. ఇక్కడ ఉంటున్నాను కాబట్టి తర్వాత జరిగింది చెప్తాను. నిందితుడి మూలం, అంటే ఏ దేశం, ఏ జాతి అన్నది, రాయాలా వద్దా అని చాలాకాలం గొడవ జరిగింది. అంతకుముందు జర్మన్ ప్రెస్ కౌన్సిల్ నియమం ఏమిటంటే, నేరానికీ మూలానికీ సంబంధం ఉందని చూపించగలిగితేనే రాయాలి. 2017 మార్చిలో దాన్ని మార్చి, ప్రజలకి తెలియాల్సిన అవసరం నిజంగా ఉంటే రాయొచ్చు అన్నారు. ఈలోపు డ్రెస్డెన్‌లో ఒక పేపరు 2016లో ఇంకో దారి పట్టింది. ఎవరు నేరం చేసినా జాతీయత రాసేస్తాం, జర్మన్ అయినా సరే, అంది. విదేశీయుడిదే రాస్తుంటే పాఠకులకి లెక్క తప్పుతోందని వాళ్ల వాదన.

గోడమీద_పిల్లి
"సైకిల్ దొంగ, 34, జర్మన్." ఇది చదివి జర్మన్లు ఎలా ఫీలయ్యారో తెలుసుకోవాలనుంది.

రాణి_బెర్లిన్
చాలామందికి నచ్చలేదు. అది చాలు మీకు జవాబు.

సందేహాలరావు
నాకైతే ఆ పేపరు పద్ధతే నచ్చింది. అందరికీ ఒకే రూలు.

పాతపేపర్
రూలు ఒకటే కానీ రావు గారూ, ఫలితం ఒకటి కాదు. జర్మన్ దొంగతనం చేస్తే ఏడు కోట్లకి పైగా ఉన్న జర్మన్లు సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఆఫ్ఘన్ చేస్తే మర్నాడు బస్సులో ప్రతి ఆఫ్ఘన్ వైపూ చూస్తారు. తక్కువమంది ఉండటం అంటే అదే. ఒకడు చేసిన పని అందరి ఖాతాలో పడుతుంది.

క్యూ_కూలీ
పత్రికల గురించి చాలా అయింది, ప్లాట్‌ఫామ్‌ల సంగతి నేను చెప్తాను. ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున పోస్టులు చూసి ఉంచాలా తీసేయాలా అని నొక్కే పని చేశాను. సంతకం చేసిన కాగితాలున్నాయి కాబట్టి కంపెనీ పేరు, ప్లాట్‌ఫామ్ పేరు అడగొద్దు.

ఒక ఉదాహరణ. చీమల బారు ఫొటో. గోడ పగులు లోంచి వరసగా వస్తున్నాయి. పైన "మా వీధిలోకి కూడా దిగాయి, మందు కొట్టాలి" అని రాసుంది. అంతే. రిపోర్టులు కుప్పలుగా వచ్చాయి. మాకు తెరమీద కనిపించేది ఆ పోస్టొక్కటే, కింద కామెంట్లు కనిపించవు. రూలు ప్రకారం ఒక జాతినో మతాన్నో పురుగులతో పోలిస్తే తీసేయాలి. కానీ పోస్టులో ఏ జాతి పేరూ లేదు కదా. ఉన్నది చీమలు. "ఉల్లంఘన లేదు" అని నొక్కితేనే నా మార్కులు నిలుస్తాయి. ఇంటికెళ్లి మామూలు అకౌంటుతో అదే పోస్టు తెరిస్తే, మొదటి కామెంటులోనే ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్లెవరో, ఏ ఇంట్లో ఉంటున్నారో రాసుంది. దానికి నవ్వే బొమ్మలు. పోస్టు పెట్టినవాడికి రూలు మాకంటే బాగా తెలుసు.

ఇక మయన్మార్. ఇది బయట అందరికీ తెలిసిన విషయమే కాబట్టి ధైర్యంగా రాస్తా. 2015 మొదట్లో ఫేస్‌బుక్‌లో బర్మీస్ చదివి పోస్టులు పరిశీలించేవాళ్లు ఇద్దరంటే ఇద్దరని 2018లో రాయిటర్స్ రాసింది. పైగా అక్కడ చాలా ఫోన్లలో జాజీ అనే పాత ఫాంటు, అంతర్జాతీయ యూనికోడ్ కాదు. దాంతో యంత్రానికి సగం రాత అర్థమే కాదు. 2017 ఆగస్టు తర్వాత అక్కడి ముస్లిం మైనారిటీ అయిన రొహింగ్యాలు ఏడు లక్షల మందికి పైగా సైన్యం దాడులకి బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు. ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం అధ్యక్షుడు 2018 మార్చిలో, ఇందులో సోషల్ మీడియాది నిర్ణాయక పాత్ర అన్నాడు. అదే ఏడాది నవంబర్‌లో, తమ ప్లాట్‌ఫామ్ వాడి హింస రెచ్చగొట్టకుండా చేయాల్సినంత చేయలేదని ఫేస్‌బుక్కే ఒప్పుకుంది.

జనం ఊరికే కోపంతో రాసిన రాతలేనా అంటే, కాదు. సైన్యమే మనుషుల్ని పెట్టింది. సినిమా తారల పేజీలు, అందాల పోటీ విజేతల పేజీలు అంటూ నడిపి, లక్షల మంది చేరాక అందులో విషం వదిలారు. ఈ పనిలో 700 మంది దాకా ఉన్నారని 2018 అక్టోబర్‌లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. పాటలు వినడానికి వచ్చినవాడు పాటల మధ్యలో ఇది మింగాడు.

నైట్‌డ్యూటీ_శివ
ఆ చీమల పోస్టు చదివి కాసేపు ఏం టైప్ చేయాలో తోచలేదు. మా పేజీ కింద కామెంట్లలో కూడా అచ్చం ఇలాంటివే వస్తాయి. మేం ఫిల్టర్ పెట్టింది బూతులకి మాత్రమే.

ఫొటోడెస్క్_రమ
క్యూ_కూలీ గారూ, మయన్మార్ సైన్యం ఫొటోల పుస్తకం సంగతి కూడా రాయండి. మా వాళ్లందరికీ అది చూపిస్తుంటాను.

క్యూ_కూలీ
అది మీ శాఖ మేడమ్, మీరే రాయండి.

ఫొటోడెస్క్_రమ
రాస్తా. 2018 జులైలో ఆ సైన్యం ఒక పుస్తకం అచ్చేసింది, రొహింగ్యాలు పరాయివాళ్లని నిరూపించడానికి. అందులో పాత ఫొటోలున్నాయి. ఒకదాంట్లో ఒకాయన నీటి ఒడ్డున రెండు శవాల దగ్గర నిలబడి ఉంటాడు. 1940లలో రొహింగ్యాలు బౌద్ధుల్ని చంపారని దాని కింద రాశారు. రాయిటర్స్ వెతికితే అది 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో ఢాకాలో తీసిన ఫొటో అని తేలింది. చనిపోయినవాళ్లు బెంగాలీలు. ఇంకోదాంట్లో జనం మూటలతో బారులు తీరి నడుస్తుంటారు. బ్రిటిష్ కాలంలో బెంగాలీలు దేశంలో చొరబడ్డారని రాశారు. అది 1996లో టాంజానియాలో తీసిన రువాండా శరణార్థుల ఫొటో! రంగుల ఫొటోని నలుపు తెలుపు చేసేశారు, పాతదిలా కనిపించాలని. మూడోది పడవ. దేశం వదిలి పోతున్నవాళ్ల పడవని తిప్పి, మసకచేసి, వస్తున్నవాళ్ల పడవ అన్నారు.

ఇప్పుడు చెప్పండి. పేరు, ఊరు, తేదీ లేకుండా "శరణార్థులు" అని ఒక్క మాట రాసి లైబ్రరీలో పడేసిన ఫొటోలని మనమూ ఇలాగే ఎక్కడిది ఎక్కడైనా వాడట్లేదా? వాళ్లు కావాలని చేశారు, మనం ఆలోచించకుండా చేస్తున్నాం. ఫొటోలో ఉన్న మనిషికి ఆ తేడాతో ఒరిగేదేముంది?

సందేహాలరావు
అబ్బే, ఈ పోలిక అతి. సైన్యం అబద్ధాన్నీ, శివ గారి నిద్రమత్తునీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

నైట్‌డ్యూటీ_శివ
నా నిద్రమత్తుని కాపాడినందుకు థ్యాంక్స్ రావు గారూ.

మౌనిక_లెక్కలు
పుకారు ఎంత దూరం పోగలదో చూడాలంటే అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరు చాలు. 2024లో ఒకావిడ ఫేస్‌బుక్ గ్రూపులో రాసింది. వాళ్ల పక్కింటావిడ కూతురి స్నేహితురాలి పిల్లి తప్పిపోయిందట, హైతీ వాళ్లు తినేశారట. మళ్లీ చదవండి: పక్కింటావిడ, ఆవిడ కూతురు, ఆ అమ్మాయి స్నేహితురాలు. సెప్టెంబర్ 10న అదే మాట అధ్యక్ష ఎన్నికల డిబేట్‌లో ట్రంప్ నోట వచ్చింది. ఊరి అధికారులేమో నమ్మదగ్గ ఫిర్యాదు ఒక్కటీ రాలేదన్నారు. ఆ తర్వాత బాంబు బెదిరింపులతో బడులు ఖాళీ చేయించాల్సి వచ్చింది. అక్కడి హైతీ వాళ్లలో ఎక్కువమంది అప్పటికి చట్టబద్ధంగా ఉంటున్నవాళ్లే.

గోడమీద_పిల్లి
నా జాతి పేరు వాడుకుని ఇంత చేశారా. ఖండిస్తున్నాను.

సందేహాలరావు
ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్ సంగతి కూడా తెస్తారని తెలుసు కాబట్టి నేనే తెస్తా. 2024 జులై 29న డాన్స్ క్లాసులో ముగ్గురు చిన్నపిల్లల్ని చంపేశారు. నిందితుడి పేరు పోలీసులు చెప్పలేదు. ఆ ఖాళీలోనే పుకారు పుట్టింది, పడవలో వచ్చిన శరణార్థి అని, ఒక ముస్లిం పేరుతో సహా. పేరు మొదటి రోజే చెప్పుంటే అల్లర్లే జరిగేవి కావు. చెప్పకపోవడం కూడా ఒక రకంగా బాధ్యత లేని పనే.

వకీలమ్మ
రావు గారూ, నిందితుడికి అప్పటికి 17 ఏళ్లు. అక్కడి చట్టం ప్రకారం ఆ వయసువాళ్ల పేరు మామూలుగా బయటపెట్టరు. ఆగస్టు 1న జడ్జి అనుమతి ఇచ్చాకే బయటికొచ్చింది. పుట్టింది బ్రిటన్‌లోనే, కార్డిఫ్‌లో అని పోలీసులు ముందే చెప్పారు. తల్లిదండ్రులది రువాండా. పేరు బయటికొచ్చాక కూడా అల్లర్లు ఆగలేదు సరికదా పెరిగాయి. ఆగస్టు 4న రోథరమ్‌లో, శరణు కోరినవాళ్లు ఉంటున్న హోటల్‌కి లోపల మనుషులుండగానే నిప్పు పెట్టబోయారు. కాబట్టి సమాచారం లేక జరిగిందన్న వాదన నిలబడదు.

సందేహాలరావు
చట్టం సంగతి సరే. మొదటి రోజు ఖాళీ గురించి నా మాట మాత్రం మార్చుకోను.

రంగూన్_మనవడు
చాలాసేపు చదువుతూ కూర్చున్నాను. మయన్మార్ అనగానే ఆగలేకపోయాను. మా తాతయ్య 1942లో జపాన్ దాడికి రంగూన్ నుంచి నడిచి వచ్చిన కాందిశీకుల్లో ఒకడు.

మనవాళ్లకి ఇది ఎక్కువ తెలియదు కాబట్టి రాస్తున్నా. అప్పట్లో రంగూన్ రేవులో మూటలు మోసేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే, కోరంగీలు అనేవారు. 1930 మేలో కూలీ పెంచమని సమ్మె చేస్తే, ఓడల కంపెనీలు బర్మా కూలీల్ని తెచ్చాయి. సమ్మె తీరాక వాళ్లని పొమ్మన్నాయి. గొడవ మొదలై వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువగా మనవాళ్లే. 1938లో మళ్లీ అల్లర్లు. అప్పుడు వేసిన విచారణ సంఘం బర్మీస్ పత్రికల రాతల్ని గట్టిగా తప్పుపట్టింది. అంటే ఫేస్‌బుక్ లేని కాలంలో, అదే దేశంలో, అదే పని, మన మీద.

ఇంకో సంగతి. బర్మా రైతుల కోపం ఉత్తదేం కాదు. 1930ల మాంద్యంలో అప్పులు కట్టలేక వాళ్ల పొలాలు పోయాయి, దిగువ బర్మా వరి జిల్లాల్లో దాదాపు పాతిక శాతం భూమి, అప్పులిచ్చే తమిళ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి వచ్చింది. కడుపు కాలింది అప్పులవాళ్ల వల్ల, దెబ్బలు తిన్నది మూటలు మోసేవాడు. పత్రికలకి ఇద్దరూ "భారతీయులే". ఇందాక పాతపేపర్ గారన్న "అందరి ఖాతాలో" మాట చదివినప్పుడు నాకు మా తాతయ్యే గుర్తొచ్చాడు. ఆయన జన్మలో ఒకరికి అప్పిచ్చిన మనిషి కాదు, ఇచ్చేందుకు ఉంటేగా.

పాతపేపర్
మీరిది విడిగా ఒక చర్చగా పెట్టాలి సార్. 1942 నడక గురించి ఇంట్లో చెప్పుకున్నవన్నీ రాయండి. ఉన్న రికార్డులన్నీ అధికారులవే.

రంగూన్_మనవడు
రాస్తాను. అమ్మమ్మ వైపు వాళ్లని కూడా అడగాలి.

నాగమణి_టీచర్
ఇంతవరకు చెడుగా చూపించడం గురించే మాట్లాడారు. మంచిగా చూపించడంలో ఉన్న చిక్కు నాకు క్లాసులో కనిపిస్తుంది. శరణార్థుల మీద వ్యాసం రాయమంటే పిల్లలు రెండే రకాల మనుషుల్ని రాస్తారు. ఒకరు ఏడుస్తూ ఉంటారు, ఇంకొకరు పతకం గెలుస్తారు. మధ్యలో ఎవరూ ఉండరు. టీవీలో వాళ్లు చూసేవీ ఆ రెండే మరి.

2018 మేలో పారిస్‌లో మాలీ నుంచి వచ్చిన మమూదూ గసామా అనే కుర్రాడు, బాల్కనీ అంచుకి వేలాడుతున్న పసివాణ్ణి కాపాడ్డానికి చేతులతో నాలుగంతస్తులు ఎగబాకాడు. వీడియో లోకమంతా చూసింది. రెండ్రోజులకి అధ్యక్షుడు పిలిచి మాట్లాడాడు, సెప్టెంబర్‌కి పౌరసత్వం వచ్చింది. చాలా సంతోషం. కానీ కాగితాలు లేకుండా అదే నగరంలో ఇటుకలు మోస్తున్న మిగతావాళ్ల సంగతేమిటి అని ఒక పిల్లాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

గోడమీద_పిల్లి
ప్రతివాడికీ వేలాడే పిల్లాడు ఎక్కడ దొరుకుతాడు టీచర్ గారూ.

మౌనిక_లెక్కలు
జాలి కూడా ఎక్కువ రోజులు నిలవదు. 2015 సెప్టెంబర్ 2న సముద్రంలో మునిగి టర్కీ తీరానికి కొట్టుకొచ్చిన పసివాడు అలన్ కుర్దీ ఫొటో. ఆ తర్వాతి వారం స్వీడిష్ రెడ్‌క్రాస్‌కి సిరియా శరణార్థుల కోసం రోజూ వచ్చే విరాళాల సంఖ్య అంతకుముందుకంటే వందరెట్లు పెరిగింది. కొద్ది వారాల్లోనే మళ్లీ పడిపోయింది. యుద్ధం మాత్రం అలాగే ఉంది. ఆ పిల్లాడిది కొబానీకి చెందిన కుర్దు కుటుంబం. సిరియాలో కుర్దులు మైనారిటీ. ఆ కుటుంబం ఎందుకు కదలాల్సి వచ్చిందో అర్థం కావాలంటే ఆ ముక్క కావాలి, చాలా వార్తల్లో అది లేనేలేదు.

రాణి_బెర్లిన్
అప్పటి జర్మనీ చాన్సలర్ మెర్కెల్‌తో 2015లో సెల్ఫీ దిగిన సిరియా కుర్రాడు గుర్తున్నాడా? మొదట ఆ ఫొటో స్వాగతానికి గుర్తు. తర్వాత ఎక్కడ దాడి జరిగినా "మెర్కెల్‌తో ఫొటో దిగిన ఉగ్రవాది వీడే" అని అదే ఫొటో తిప్పారు. బ్రస్సెల్స్ అప్పుడు, బెర్లిన్ అప్పుడు కూడా. ఫేస్‌బుక్ మీద కేసు వేశాడు. వెతికి వెతికి ప్రతి కాపీ తీసేయాల్సిన బాధ్యత కంపెనీది కాదని 2017 మార్చిలో వూర్జ్‌బర్గ్ కోర్టు అంది. మంచి ఫొటో అయినా ఎప్పుడు ఎదురు తిరుగుతుందో చెప్పలేం.

క్యూ_కూలీ
రూళ్లు ఇప్పుడు ఇంకా సడలాయి. 2025 జనవరి 7న ఫేస్‌బుక్ సొంతదారు మెటా ప్రకటించింది, వలసల్లాంటి విషయాల మీద ఉన్న ఆంక్షలు కొన్ని ఎత్తేస్తున్నామని. ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చున్నవాళ్ల దగ్గర నా చీమల పోస్టు అసలు క్యూలోకైనా వస్తుందా అని అనుమానం.

సందేహాలరావు
అది మాట్లాడే స్వేచ్ఛ కోసం అన్నారు కదా. వలస విధానాన్ని విమర్శించే హక్కు జనానికి ఉండొద్దా?

క్యూ_కూలీ
విధానాన్ని తిడితే ఎప్పుడూ తీయలేదు సార్. ప్రభుత్వాన్ని ఎంత తిట్టినా "ఉంచు" నొక్కేవాణ్ణి. మందు కొట్టాలి అన్నది ఏ విధానానికి?

వకీలమ్మ
రమ గారి మొదటి పోస్టుకి నాకొక అభ్యంతరం ఉంది, అందరూ మీతో ఏకీభవిస్తున్నారు కాబట్టి చెప్పాలి. పేరు పెట్టండి, ముఖం చూపించండి, మనిషిలా చూపించండి అంటున్నారు. శరణు దరఖాస్తులు చూసే వకీలుగా నాకు అదే భయం. వెనక దేశంలో తల్లీ తమ్ముడూ ఉంటారు. ఇక్కడ ఇంటర్వ్యూలో అన్న మాటకి అక్కడ పోలీసులు తలుపు తడతారు. పైగా కేసు విచారణలో అధికారి ఆ ఇంటర్వ్యూ క్లిప్పు తీసి, "టీవీలో మార్చి అన్నారు, దరఖాస్తులో ఏప్రిల్ అని ఉంది" అంటాడు. విలేఖరి నెల తప్పుగా రాసుకున్నాడని ఎలా నిరూపిస్తాం?

ముఖం, చిరునామా బయటపడితే ఏమవుతుందో ఇథియోపియాలో చూశాం. 2021లో టిగ్రే జాతికి చెందిన ఒక ప్రొఫెసర్ ఫొటో, ఆయన ఉండే చోటు ఫేస్‌బుక్‌లో పెట్టి రెచ్చగొట్టారు. కొడుకు రిపోర్టు చేస్తూనే ఉన్నాడు. నవంబర్‌లో ఆయన్ని ఇంటి దగ్గరే కాల్చి చంపారు. కొడుకు కెన్యాలో మెటా మీద వేసిన కేసు, అక్కడ విచారించవచ్చని 2025 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది.

ఫొటోడెస్క్_రమ
మా డాక్టరమ్మకి పౌరసత్వం వచ్చేసింది, తనే ఫొటోకి ఒప్పుకుంది. కానీ మీరన్నది కాదనలేను. అయితే ముఖం మసక చేస్తే ఇంకో గొడవ. మసక ముఖం అంటే మన బుర్రలో నేరస్థుడే. వెనక నుంచి తీసినా అంతే.

లెన్స్‌క్యాప్
శిబిరాల్లో ఫొటోలు తీస్తుంటాను, ఇప్పుడే ఈ చర్చ కంటబడింది. మసక చేయకుండా ఉండే దారులు ఉన్నాయి. పని చేస్తున్నప్పుడు తీయడం ఒకటి. కుట్టు మిషన్ ముందు వంగి, సూదిలో దారం ఎక్కిస్తున్న ఒకావిడని తీశాను. జుట్టు ముందుకి పడి ముఖం సగం కప్పింది, మిగతాది నీడ. ఎవరూ గుర్తుపట్టలేరు, కానీ చూసేవాడికి మనిషే కనిపిస్తుంది, అనుమానితురాలు కాదు. తీశాక కెమెరా తెర వాళ్లకే చూపిస్తా. "ఇందులో మీ వాళ్లు మిమ్మల్ని గుర్తుపడతారా" అని అడుగుతా. వాళ్లు మనం చూడనివి చూస్తారు. ఒకాయన ముఖం గురించి పట్టించుకోలేదు, వెనక తీగ మీద ఆరేసిన దుప్పటి చూసి వద్దన్నాడు. ఆ నేత వాళ్ల ఊరిదట.

సందేహాలరావు
ఒప్పుకున్నాక ఏడాదికి వచ్చి తీసేయమంటే?

లెన్స్‌క్యాప్
మన సైట్ మీదైతే తీయొచ్చు. ఏజెన్సీకి అమ్మిన కాపీ ఎక్కడెక్కడికి పోతుందో ఎవరికీ తెలీదు. 'ఆఫ్ఘన్ అమ్మాయి' ఫొటోలో ఉన్న షర్బత్ గులా సంగతే చూడండి. 1984లో పెషావర్ దగ్గర శిబిరంలో తీశారు, 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అట్ట మీదికెక్కింది. ఆమె పేరు ఆ పత్రికకి తెలిసింది 2002లో. అందుకే ఏజెన్సీకి ఇవ్వబోయే ముందు రెండోసారి విడిగా అడుగుతాను. కొందరు వద్దంటారు. ఆ డబ్బు పోతుంది, ఏం చేస్తాం.

నైట్‌డ్యూటీ_శివ
ఆ రెండోసారి అడగడానికి ఏదైనా ఫారం వాడతారా? మా దగ్గర ఉన్నది ఇంగ్లీషులో, చట్టం భాషలో, ఎవరికీ అర్థం కాదు. సంతకం మాత్రం అందరూ పెడతారు.

లెన్స్‌క్యాప్
ఒక పేజీ ఉంది, వాళ్ల భాషలో. చదవలేనివాళ్ల కోసం అదే చదివి రికార్డు చేసిన ఆడియో కూడా. మీకు మెసేజ్‌లో పంపాను. వకీలమ్మ గారు కూడా ఒకసారి చూస్తే మంచిది, నాలుగో లైను మీద నాకే అనుమానం.

వకీలమ్మ
చూశాను. నాలుగోది కాదు, ఆరోది మార్చాలి. "ఎప్పటికీ" అన్న మాట తీసేయండి.